పొయ్యి పక్క అప్పీలు

ఆటలో కొత్తవారి నమోదును పూర్తిగా సులభతరం చేసినట్టు రిజిస్ట్రారు హరలంపిగారు ప్రకటించారు. ప్రకటన ఏడు పేజీలు. అందులో ఆరు పేజీలు ‘సులభం’ అన్న మాటకు నిర్వచనమే.

డాన్యూబు ఒడ్డున ఆ చిన్న ఊరి గ్రంథాలయంలో, వెనక గదిలో, ప్రతి గురువారం హరలంపిగారితో కలిపి ఎనిమిది మంది రిటైరైన పెద్దలు ఒక ఆట ఆడతారు. పావులుండవు, పేకముక్కలుండవు. వంతు వచ్చినవాడు ఆట నియమాన్నే మారుస్తానంటాడు, మిగతావాళ్లు ఓటేస్తారు. అదే ఆట. గ్రంథాలయం మొత్తానికి కట్టెల పొయ్యి ఉన్నది ఆ గదిలోనే. ప్లేయర్లు కానివాళ్లకు వసారాలో బల్ల.

రైల్వేలో ముప్పయ్యేళ్లు టికెట్లిచ్చి రిటైరైన నెవేనకు ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు. ఈ చలికాలం నలుగురి మధ్య, ఆ వెచ్చటి గదిలో గడపాలని తీర్మానించుకుంది. ఏడో నియమం కూడా అద్దంలా ఉంది: ‘అడిగినవారెవరైనా ప్లేయరే.’ చాక్లెట్ల డబ్బా పట్టుకెళ్లి, అందరికీ పంచి, అడిగింది.

హరలంపిగారు రెండు తిని, మూతి తుడుచుకుని, నియమావళి తెరిచారు.

“నెవేనమ్మా, మన బల్గేరియాలో మిఠాయి ఎప్పుడు పంచుతారు?”

“శుభం జరిగితే.”

“జరిగాకా, జరగకముందా?”

“జరిగాకే.”

“అంటే పంచేటప్పటికే నువ్వు ప్లేయర్‌వి. ప్లేయర్ మళ్లీ చేరతానంటే ఎట్లా? దరఖాస్తు తిరస్కరించాం.”

“ప్లేయర్నే కదా, మరి కూర్చుంటా.”

“రిజిస్టర్లో పేరు లేదే!”

“రాయన్నా, నీ పుణ్యముంటుంది.”

“తిరస్కరించిన దరఖాస్తు మీద రాస్తే రేపు చరిత్ర నన్ను అడగదూ?”

అంతటి ముందుచూపుకు సభ చప్పట్లు కొట్టింది. నెవేన మూడు గురువారాలు వసారాలో వణికింది. నాలుగో వారం నోటీసు వచ్చింది: వరుసగా మూడుసార్లు గైర్హాజరైనందున ప్లేయర్ల జాబితా నుంచి తొలగించడమైనది.

“లేని పేరు ఎట్లా కొట్టేశారన్నా?”

“కొట్టేసే ముందు రాశాంలే. పద్ధతి పద్ధతే.”

ఒకప్పుడు భూగోళం పాఠాలు చెప్పిన బొగొమిల్ ఆమె చెవిలో గొణిగాడు. “అప్పీలు పెట్టు వదినా. అప్పీలుదారు తీర్పు వచ్చేదాకా అందరికీ కనబడేలా ఎదురుగా కూర్చోవాలి. పందొమ్మిదో నియమం.”

ప్లేయర్ల బల్ల గదికి ఆ చివర; దానికి ఎదురుగా అంటే పొయ్యి పక్క. నెవేన కుర్చీ వేసుకుంది, అల్లిక తీసింది. తీర్పు ఏకగ్రీవంగా ఉండాలి కాబట్టి రాలేదు.

జనవరిలో బొగొమిల్ లేచాడు. “హరలంపి అన్నా, నేను అసలు ప్లేయర్నేనా అని ఒక న్యాయమైన అనుమానం వచ్చింది. రాజీనామా చేసి అప్పీలు పెట్టుకుంటున్నా.”

“అనుమానమా, మోకాళ్ల నొప్పా?” అంది నెవేన, కుర్చీ కాస్త జరుపుతూ.

“రెండూనమ్మా.”

ఆ అనుమానం జలుబులా పాకింది. ఫిబ్రవరికి పొయ్యి చుట్టూ ఎనిమిది కుర్చీలు, ఎనిమిది కప్పుల టీ, ఒకటే నవ్వులు. దూరంగా ప్లేయర్ల బల్ల దగ్గర హరలంపిగారు ఒక్కరే, ఓవర్‌కోటు గుండీలన్నీ పెట్టుకుని, సభ నిర్వహిస్తున్నారు.

మరుసటి వారం ఊరి పత్రికకు ప్రకటన వెళ్లింది. నెవేనే కాగితం పట్టుకుంది, ఆయన చేతులు కాచుకుంటూ చెబుతుంటే రాసింది: “మన ఆటకు ప్రజాదరణ ఉప్పెనలా పెరిగింది. ఒక్క చలికాలంలో తొమ్మిది దరఖాస్తులు. అన్నీ పరిశీలనలో ఉన్నాయి.”

కింద సంతకం: హరలంపి, దరఖాస్తు నంబరు తొమ్మిది.