ఆగినప్పుడల్లా కన్ను కొట్టిన కారు

పదకొండు గంటలకు కారును తనిఖీ అధికారి ముందు నిలబెట్టి, పాసు ముద్ర వేయించుకుని ఇంటికి తీసుకురావాలి. ఆ ఉదయం రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ వేసుకున్న పథకం ఇంతే. రెండుసార్లు తప్పిన కారుకు ఇదే ఆఖరి అవకాశం. ఈసారి కూడా తప్పితే, తండ్రి పక్కన కూర్చుని ఆమె స్టీరింగు పట్టడం నేర్చుకున్న ఆ పాత కారు తుక్కులోకి పోతుంది.

తప్పడానికి కారణం దాని కళ్లే. ఆ కారు హెడ్‌లైట్లు పగలంతా ఇనుప రెప్పల వెనక దాక్కుంటాయి. స్విచ్ వేస్తే, ఇంజను పీల్చే గాలి రబ్బరు గొట్టాల గుండా వాటిని పైకి లేపాలి. కుడి రెప్ప కొన్నాళ్లుగా బద్ధకిస్తోంది. అందుకని సోమవారం, భర్త పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన సమయం చూసి, ఆమె మెకానిక్కును పిలిపించి కొత్త గొట్టం వేయించింది. భర్తకు చెప్పలేదు. ఆయన నలభై ఏళ్లు కరెంటు ఆఫీసులో పనిచేసిన మనిషి. ఆ కారు మీద పరాయివాడు చెయ్యి వేశాడని తెలిస్తే వారం రోజులు మూతి ముడుచుకుంటాడు.

భర్తను పక్కన కూర్చోబెట్టుకుని గేటు దాటగానే పక్కింటి లాయరుగారు అడ్డం వచ్చారు. ఆమె కారు ఆపింది. కుడి రెప్ప లేచింది, టక్కున పడింది. లాయరుగారు ఒక్క క్షణం తటపటాయించి, జుట్టు సవరించుకుని, నవ్వారు.

"ఆయన నవ్వాడేంటండీ?"

"నీ డ్రైవింగు చూసి."

"ముప్పై ఏళ్లుగా నమస్కారం పెట్టినా నవ్వని మనిషి."

కూడలిలో ఎదురుగా బస్సు ఉంది. ఆమె ఆగింది, కారు కన్ను కొట్టింది. తనకు దారిచ్చారనుకుని బస్సు డ్రైవరు తిప్పేశాడు. వాడి వెనకే లారీ కదిలింది. పక్కవీధి నుంచి పాలవ్యాను దూసుకొచ్చింది. మూడూ ముక్కులు ఆనించుకుని నిలబడ్డాయి. కానిస్టేబులు చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"అమ్మా, బస్సును రమ్మంది మీరేనా?"

"నేనెవర్నీ రమ్మనలేదు."

సరిగ్గా అప్పుడే కారు అతనికీ కన్ను కొట్టింది.

"ఈ వయసులో ఇదేంటమ్మా?"

"నేను కాదయ్యా, కారు."

"అందరూ ఇట్లాగే చెప్తారు. బానెట్ ఎత్తండి, చూద్దాం."

"వద్దు," అన్నారు భార్యాభర్తలు ఒక్క గొంతుతో. ఆయన ఎందుకు వద్దన్నాడో ఆలోచించే తీరిక ఆమెకు లేకపోయింది. తన మీదికి అనుమానం రాకుండా గొంతు పెంచింది.

"ఈ పని ఎవరు చేశారో వాళ్లచేత వందసార్లు రాయిస్తాను, 'అడగకుండా చెయ్యి పెట్టను' అని. బళ్లో ఎంతమందిచేత రాయించలేదు."

"రాయించాల్సిందే," అన్నాడు భర్త, కిటికీలోంచి బయటికి చూస్తూ.

తనిఖీ ఆవరణలో కారు అధికారి ఎదుట ఆగింది. ఆగిన వెంటనే తన పని తాను చేసింది. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మేడమ్, ఇట్లా చేస్తే పాసు చేస్తాననుకున్నారా?"

ఇక బానెట్ ఎత్తక తప్పలేదు. లోపల కొత్త గొట్టం ఉంది. దాని పక్కనే, ఆమె ఎన్నడూ చూడని చిన్న మోటారు కూడా ఉంది.

"ఇంజను నెమ్మదించినప్పుడల్లా గొట్టం రెప్పను లేపుతోంది, మోటారు మూసేస్తోంది," అన్నాడు అధికారి. "కాపురంలాగే ఉంది. మోటారు ఎవరు పెట్టారు?"

భర్త పిల్లవాడిలా చెయ్యెత్తాడు. "నిన్న తను లైబ్రరీకి వెళ్లినప్పుడు. పాపం, వాళ్ల నాన్న కారు కదా అని."

"గొట్టం?"

హెడ్‌మిస్ట్రెస్ జీవితంలో మొదటిసారి నేరస్థుల వరసలో చెయ్యెత్తింది. అయినా విచారణ మానలేదు.

"కొత్త గొట్టం మీకు కనపడలేదా?"

"పాతదే అనుకున్నాను. నేను తుడిస్తే ఇంత మెరిసిందా అని సంతోషపడ్డాను కూడా."

అధికారి గొట్టం పీకేశాడు, మోటారు తీగ ఊడదీశాడు. రెండు రెప్పల్నీ చేత్తో ఎత్తి, చెరొక మరమేకు బిగించి, లైట్లు వేయమన్నాడు. రెండూ వెలిగాయి.

"నాక్కావలసింది వెలుతురు. రెప్పల సంగతి చట్టంలో లేదు," అని ముద్ర వేశాడు.

ఇల్లు చేరగానే భర్త గీతల నోటుపుస్తకం, పెన్ను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. న్యాయం విషయంలో ఆమె ఏనాడూ తనవాళ్లు, పరాయివాళ్లు అని చూడలేదు, ఇప్పుడు తనను కూడా మినహాయించుకోలేదు. వంచిన తల ఎత్తకుండా రాసింది.

యాభై ఒకటో వాక్యం నుంచి దస్తూరి మారింది, తప్పులు దిద్దింది మాత్రం ఆమే.