చిని నా

ఆదివారం పొద్దున్నకి శర్బరి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తన సాధ్ వేడుకలో తను తీపి తినకూడదు, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. మిఠాయిలకి పేరుపడ్డ చందన్‌నగర్‌లో, అదీ కడుపుతో ఉన్న కోడలికి ఇష్టమైనవన్నీ వండి కొసరి కొసరి తినిపించే రోజున, ఇది గంగలో మునిగి తల తడవకుండా లేవడం లాంటి పని.

ముందురోజు సాయంత్రం చందన్‌నగర్ డాక్టర్ లాహిరి ఫోన్ చేసి షుగర్ వచ్చిందని చెప్పింది. ఎనిమిదో నెలలో! ఆ పరీక్ష ఎప్పుడో జరగాల్సింది. పుణెలో కాపురం, కాన్పుకి అత్తగారిల్లు. పుణె డాక్టరు చందన్‌నగర్‌లో చేస్తారులే అనుకుంది, చందన్‌నగర్ డాక్టరు పుణెలో చేసే ఉంటారులే అనుకుంది. శర్బరిది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. ఈ ఒక్క తప్పూ ఆమె కళ్ళుగప్పి ఇంతదూరం వచ్చేసింది.

"రేపు భోజనం చేశాక వేలు గుచ్చి చూసి నంబర్ పంపు. అదుపులో ఉంటే తిండితోనే లాక్కొద్దాం. లేకపోతే సోమవారం వచ్చి ఆస్పత్రిలో చేరు, ఇన్సులిన్ మొదలుపెడదాం. ఏం భయపడకు" అంది డాక్టరు. ఆ చివరిమాట విన్నాకే శర్బరికి భయం పట్టుకుంది.

అత్తగారు మినతికి చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ కంచు కంచం మెరిసేలా తోమి, చీర కొని, ఈ రోజు కోసం నెల నుంచి ఎదురుచూస్తోంది. అందుకని మొగుడు పలాశ్‌ని పక్కకు పిలిచింది శర్బరి.

"పిషికి ఫోన్ చేసి పాయసంలో చిని వెయ్యొద్దని చెప్పు. నా పేరు రాకూడదు."

పిషి అంటే పలాశ్ మేనత్త నిభాననీ. పక్క ఊరు చుంచుడాలో ఉంటుంది. ఆ ఇంట్లో ఏ కోడలికి సాధ్ జరిగినా పాయసం పిషి చేత్తో వండాల్సిందే, కోడలు తినాల్సిందే. పలాశ్ సరేనన్నాడు. ఆ సంగతి అతనికి మళ్ళీ చేపల బజారులో, తొమ్మిదిమంది ఒకేసారి అరుస్తున్నప్పుడు గుర్తొచ్చింది.

బెంగాలీలో చిని అంటే పంచదార. 'ఎరుగుదును' అన్నా చినియే. దానికి వద్దు, కాదు అనే 'నా' తగిలిస్తే పంచదార వద్దనీ కావచ్చు, నువ్వెవరో నాకు తెలీదనీ కావచ్చు. ఏది అన్నది ముందూ వెనకా మాటల్ని బట్టి తెలుసుకోవాలి. చేపల బజారులో ముందూ వెనకా వినపడవు.

"హలో, ఎవరూ? పలాశేనా? నేన్రా, పిషిని!"

"చిని నా!" అని అరిచాడు పలాశ్.

"ఒరేయ్, నీ పిషినిరా!"

"చిని నా పిషీ, చిని నా! అస్సలు చిని నా!" అని గొంతు చించుకుని, పని అయిపోయిందని ఫోన్ పెట్టేశాడు.

మరునిమిషంలో పిషి ఫోన్ తమ్ముడికి వెళ్ళింది. పలాశ్ తండ్రి శ్యామాపద అక్క కోపానికి ఎరిగిన మందు ఒక్కటే. చెప్పులేసుకుని సందేశ్ మిఠాయిలు తేవడానికి పరిగెత్తాడు. రెండో ఫోన్ మినతికి వచ్చింది. ఆవిడ తెల్లబోయిన ముఖంతో కోడలి గదిలోకి వెళ్ళింది.

"బౌమా, పిషికి 'చిని నా' అని చెప్పమంది నువ్వేనా?"

తెలిసిపోయింది, ఇక దాచి లాభం లేదనుకుంది శర్బరి. "నేనేనమ్మా. మీకు ముందే చెప్పాల్సింది."

మినతి మంచం మీద కూలబడింది. "ఎందుకమ్మా అలా?"

"బిడ్డ కోసం. బిడ్డకి మంచిది కాదంట. డాక్టరే చెప్పింది."

"డాక్టరు చెప్పిందా! ఆవిడకెలా తెలుసు?"

"రక్తంలోనే ఉందమ్మా."

ఆడపడుచు నోటి దురుసు గురించి మినతిదీ ఎన్నో ఏళ్ళుగా అదే అభిప్రాయం. "అది నిజమేననుకో. అయినా ఇలాంటి రోజుల్లో కొంచెమైనా..."

"కొంచెం కూడా వద్దమ్మా. పూర్తిగా దూరం పెట్టాలి. మొదట్లో కష్టంగానే ఉంటుందంట, తర్వాత అలవాటైపోతుంది. ఈ వయసులో మీరు కూడా తగ్గించుకుంటే మంచిది."

మినతి కళ్ళలో ఒక వెలుగు వచ్చి, వెంటనే భయపడి ఆరిపోయింది. ఎందుకంటే వీధిలో బ్యాటరీ రిక్షా ఆగింది.

ఇద్దరు తోటికోడళ్ళను సాక్షులుగా వెంటేసుకుని, చేతిలో పాయసం గిన్నెతో పిషి దిగింది. కోపం కోపమే, కడుపుతో ఉన్న పిల్ల పాయసం పాయసమే. అదే వేళకి ఒక వైపు నుంచి చేపల సంచీతో పలాశ్, ఇంకోవైపు నుంచి రెండు పెట్టెల సందేశ్‌లతో శ్యామాపద వచ్చారు.

"మీరెవరు బాబూ? చేపలు అమ్ముతారా?" అంది పిషి.

"పిషీ, నేను పలాశ్‌ని!"

"ఏమో నాయనా, నేనెరగను. నేను ముడ్డి కడిగిన పలాశ్ ఒకడుండేవాడు. వాడికి నేను బాగా తెలుసు."

"పొద్దున్న చెప్పానుగా పిషీ, చిని నా అని!"

"విన్నారా! మొహమ్మీదే అంటున్నాడు!" అంది పిషి సాక్షులతో.

శర్బరి పొట్ట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "పిషీ, వద్దన్నది మిమ్మల్ని కాదు, పంచదారని! నాకు షుగర్ వచ్చింది. నిన్ననే తెలిసింది. ఇన్నాళ్ళూ తెలుసుకోకుండా అడ్డమైనవీ తిన్నాను, లోపల బిడ్డకేమైందో..." ఏడుపొచ్చింది.

పిషి గిన్నె కింద పెట్టి, శర్బరిని దగ్గరికి లాక్కుంది.

"పిచ్చిమొహమా, ఇంత భయం ఒక్కదానివే మోస్తున్నావా? ఇంతమందిమి ఎందుకున్నాం, తినడానికా?"

"అయితే రక్తంలో ఉందన్నది..." అంది మినతి.

"షుగరమ్మా."

"ఆఁ, నేనూ అదే అనుకున్నాను" అంది మినతి, ఆడపడుచు వైపు చూడకుండా.

పిషి గిన్నెకేసి దిగులుగా చూసింది. "ఇక ఇది నీకు పనికిరాదు." పారబోయడానికి మనసొప్పక మినతి ఒక చెంచా నోట్లో వేసుకుంది. ఆగింది. ఇంకో చెంచా వేసుకుంది.

"వదినా, దీన్లో చిని ఏదీ?"

పిషి రుచి చూసింది. పొద్దున్న పాలు మరుగుతుండగా పలాశ్ ఫోన్ వచ్చింది. ఆ ఒళ్ళుమంటలో పంచదార డబ్బా మూతే తియ్యలేదు. ఆ సంగతి పిషి ముఖంలో అందరికీ కనపడింది. కానీ పిషి నడుం నిటారుగా పెట్టింది.

"పిల్ల ముఖం చూస్తే నాకు తెలీదూ? నేను ముందే మానేశాను."

డాక్టరుకి ఫోన్ చేస్తే, చప్పటిదైనా అందులో పాలూ బియ్యమూ ఉన్నాయి కాబట్టి రెండు చెంచాలకి ఒప్పుకుంది. కంచు కంచంలో అన్నం పిడికెడైంది, కాకరకాయా ఆకుకూరా చేపా పెరిగాయి. తినిపించి కూర్చోబెట్టాల్సిన ముత్తయిదువలు, తినిపించి నడిపించారు. గంగ ఒడ్డున ముందు పిషి, మధ్యలో శర్బరి, వెనక ఆయాసపడుతూ పట్టుచీరలు.

ఇంటికొచ్చి వేలు గుచ్చుకుంటే నంబరు అదుపులోనే ఉంది. "సోమవారం చేరక్కర్లేదు, ఇలాగే లాగించు" అంది డాక్టరు. శర్బరి ఆ నంబరు చూసి, వరండాలో కాళ్ళు ఒత్తుకుంటూ ఒకరినొకరు తిట్టుకుంటున్న ఆడవాళ్ళని చూసింది. పొద్దున్న దాచాలనుకున్నది వీళ్ళ దగ్గరా అనిపించి, సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం బ్యాటరీ రిక్షాలో పిషి నడకకి దిగేది.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. బరువు సరిగ్గా ఉంది, ఒంట్లో చక్కెరా సరిగ్గా ఉంది. పిషి ఒళ్ళోకి తీసుకుని ముక్కూ నుదురూ పరీక్షగా చూసి, "చిని!" అంది. ఎరుగుదును, మన పిల్లే అని. ముద్దుపేరు అదే నిలిచిపోయింది.

డాక్టరు వద్దన్న చిని ఇప్పుడు ఆ ఇంట్లో మూడు పూటలా ఉంది.