శుక్లం పర్మనెంటయింది

సువార్తమ్మ కుడికంట్లో ఉన్న శుక్లాన్ని పర్మనెంటు చేస్తూ, ఆపరేషనుకి ముందురోజు ఉదయం పదకొండు గంటలకి ఉత్తర్వులు వచ్చాయి. ఒకేచోట పదేళ్లు అంతరాయం లేకుండా ఉన్న ప్రతిదాన్నీ క్రమబద్ధీకరించాలని ఆ మధ్య ఒక సర్క్యులరు వచ్చింది. పదకొండేళ్ల కిందట చర్చి ఆవరణలో జరిగిన కంటి శిబిరంలో ఇచ్చిన చీటీని సువార్తమ్మ బైబిల్లో భద్రంగా దాచుకుంది. దాని మీద ‘కుడికన్ను, శుక్లం మొదలు’ అని తేదీతో సహా రాసి ఉంది. ఆసుపత్రివాళ్లు ఆ తేదీనే ఉద్యోగంలో చేరిన తేదీగా తీసుకుని సర్వీసు రిజిస్టరు తెరిచారు. ‘పనిచేయు స్థలం’ అన్నచోట సువార్తమ్మ పేరు రాశారు.

సువార్తమ్మకి అరవైమూడేళ్లు. నలభై ఏళ్లపాటు లేసు అల్లి బతికిన మనిషి. ఎడమకన్ను చిన్నతనంలోనే తాటాకు గుచ్చుకుని పోయింది. ఉన్నది ఆ ఒక్క కన్నే. అది మసకబారుతోందని ఎవరితో చెప్పినా, ‘ముదరనియ్యి, ముదిరాక తీయించుకుందువుగాని’ అన్నారు. ఆవిడ అలాగే ముదరనిచ్చింది. మొదట దారం కనబడ్డం మానేసింది, తర్వాత సూది, ఆ తర్వాత సూది పట్టుకున్న చెయ్యి. కిందటి నెల గంజి వారుస్తూ పాదం మీద పోసుకుంది.

“ముదరడాలూ గిదరడాలూ ఏమీ లేవమ్మా,” అని కంటి డాక్టరు పద్మాకర్ గారు విసుక్కున్నారు. “పనికి అడ్డమొస్తోందనిపించిన రోజునే తీయించుకోవాలి. ముదిరిందంటే రాయిలా గట్టిపడి మా ప్రాణం తీస్తుంది. రెండేళ్ల ముందొచ్చుంటే ఇది టెంపరరీ కింద ఉండేది. ఇరవై నిమిషాల్లో పంపించేసేవాణ్ని.”

“ఇప్పుడేం చెయ్యాలండీ?” అంది సువార్తమ్మ.

“నేను చేసేదేం లేదు. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌కి వెళ్లండి.”

సువార్తమ్మని చెయ్యి పట్టుకుని మేడమీదికి తీసుకెళ్లింది కూతురు ఎస్తేరు. ఎస్తేరు ఆ ఆసుపత్రిలోనే కంటి పరీక్షలు చేసే అసిస్టెంటు. పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఏటా మార్చి ముప్పై ఒకటిన ఆమెని ఉద్యోగంలోంచి తీసేసి ఏప్రిల్ రెండున మళ్లీ చేర్చుకుంటారు. మధ్యలో ఉన్న ఆ ఒక్కరోజు వల్ల ఆమెది అంతరాయం లేని సర్వీసు కాలేదు. శుక్లం మాత్రం పదకొండేళ్లలో ఏ ఒక్కరోజూ కన్ను విడిచి వెళ్లలేదు.

ఆ సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు త్రిమూర్తులు మంచివాడు. తల్లీకూతుళ్లని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. పర్మనెంటు ఉద్యోగిని ఊరికే తీసేయడానికి లేదు. ముందు ఛార్జి మెమో ఇవ్వాలి, సంజాయిషీ అడగాలి, విచారణ జరపాలి.

“చూపుకి అడ్డం పడుతోంది కదండీ, అంతకన్నా ఏం కావాలి?” అంది ఎస్తేరు.

“అడ్డం పడ్డమే దాని పనమ్మా. పని చెయ్యలేదంటే తప్పు పట్టొచ్చు. చేస్తోందని ఎలా తీసేస్తాం?”

అయినా మెమో తయారుచేశారు. ఒక అటెండరు దాన్ని సువార్తమ్మ కంటికి జానెడు దూరంలో పట్టుకుని పావుగంట నిలబడ్డాడు. శుక్లం అడ్డం ఉన్నందువల్ల శుక్లానికి మెమో కనబడలేదని రాసి తిప్పి పంపాడు. రెండోసారి రిజిస్టరు పోస్టులో పంపారు. మూడోసారి ఆవిడ రెప్ప మీద అంటించి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించారు. పదిహేను రోజులు గడిచినా సంజాయిషీ రాలేదు. గడువు ఇంకో పదిహేను రోజులు పొడిగించారు.

“పోనీ, రిటైరెప్పుడవుద్దండీ అది?” అని మళ్లీ సెక్షన్‌కి వచ్చి అడిగింది సువార్తమ్మ.

త్రిమూర్తులు లెక్క వేశాడు. “అరవైరెండు నిండాలి కదమ్మా. ఇంకా యాభైయ్యొక్కేళ్లు ఉంది.”

“అప్పటికి నాకు నూట పద్నాలుగొత్తాయండీ.”

“స్థలం వయసు మా రిజిస్టర్లో ఉండదమ్మా,” అన్నాడు ఆయన. పాపం, నిజంగానే బాధపడ్డాడు. కాసేపు పాత ఉత్తర్వులు తిరగేసి, బదిలీకి మాత్రం అవకాశం ఉందని చెప్పాడు. ఇదే ఆసుపత్రి పరిధిలో శుక్లం లేని కన్ను ఏదైనా ఖాళీగా ఉండి, ఆ కన్నుగల మనిషి ఒప్పుకుంటూ దరఖాస్తు పెట్టుకుంటే చాలు. అలాంటి మనిషిని ఆ తర్వాత ఏటా మార్చిలో తీసేయడానికి వీల్లేదు. తీసేస్తే లోపలున్న పర్మనెంటు ఉద్యోగి సర్వీసుకి అంతరాయం వస్తుంది, నిబంధనలు అందుకు ఒప్పవు.

ఎస్తేరు ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది.

మెట్ల దగ్గర బల్లమీద తల్లీకూతుళ్లు చాలాసేపు కూర్చున్నారు.

“నీకేమన్నా మతి పోయిందేంటే?” అంది సువార్తమ్మ. “ముప్పై ఎనిమిదేళ్ల పిల్లవి. నిక్షేపంలాంటి కళ్లు.”

“ఎడమ కంట్లోనే కదమ్మా. కుడి కంటితో పరీక్షలు చేసుకోవచ్చు.”

“నేనిలాగే ఉంటాన్లే. ఇన్నాళ్లూ లేనా?”

“అన్నం వండుకుంటా కాలు కాల్చుకున్నావు. రేపు ఇంకేం కాల్చుకుంటావో.” ఎస్తేరు గొంతు పెరిగింది, మళ్లీ తగ్గింది. “పద్నాలుగేళ్లమ్మా. మార్చి వస్తోందంటే నాకు అన్నం సయించదు. ఏప్రిల్ రెండున పిలుస్తారో పిలవరో అని. నీ ఒక్కదానికోసమే అనుకోకు.”

సువార్తమ్మ చెయ్యి చాచి కూతురి మొహం తడిమింది. కళ్ల దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి.

బదిలీ మంజూరయ్యాక, ఆపరేషను రోజున ఉదయం ఎస్తేరే తల్లి కంటికి కొలతలు తీసి ఏ పవరు లెన్సు పడుతుందో చూసింది. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసింది. ప్రతి రోగికీ చెప్పేవే తల్లికీ చెప్పింది. సుగరు అదుపులోనే ఉంది కాబట్టి భయం లేదు. సూది ఉండదు, తిమ్మిరి చుక్కలే. దగ్గొస్తే ముందు చెప్పాలి, తల కదపకూడదు. సువార్తమ్మకి పెద్ద వెలుతురు, చల్లటి నీళ్లు, సన్నగా ఏదో మోగుతున్న చప్పుడు మాత్రమే తెలిశాయి. పది నలభైకి శుక్లాన్ని రిలీవు చేశారు. ఆ స్థలంలో కొత్త లెన్సు పెట్టారు. లెన్సు ఇంకా ప్రొబేషన్‌లో ఉంటుందని కాగితం మీద రాశారు. శుక్లాన్ని స్టీలు గిన్నెలో పక్క బల్లకి తీసుకెళ్లారు. పదకొండున్నరకి ఎస్తేరు ఎడమకంట్లో అది జాయినయింది. బదిలీ మీద వెళ్లేవాళ్లకిచ్చే వారం రోజుల సెలవు అది వాడుకోలేదని త్రిమూర్తులు మెచ్చుకున్నాడు.

మర్నాడు కట్టు విప్పారు. గోడ తెల్లగా ఉంది. అంత తెలుపు ఉంటుందని సువార్తమ్మ మరిచిపోయింది. కిటికీ తలుపు నీలంగా ఉంది, ఇన్నాళ్లూ అది బూడిద రంగనుకుంది. తర్వాత ఎస్తేరు దగ్గరికి వచ్చి వంగింది. కుడికన్ను నల్లగా, నిండుగా ఉంది. ఎడమకంటి మధ్యలో చిక్కటి బియ్యపు కడుగులాంటి తెలుపు.

“బాగా కనబడుతోందా అమ్మా?”

“కనబడుతోందే,” అంది సువార్తమ్మ. కూతురు ఎడమకంటి వైపు చూడకుండా ఉండడానికి ఎటు చూడాలో ఆవిడకి తెలియలేదు.

“నలపకూడదు. రెండు వారాలు తలమీద నీళ్లు పోసుకోకు. బరువులెత్తకు. రోజూ చుక్కలు నేనే వేస్తాను. ఎర్రబడినా, పోటు పెట్టినా, చూపు తగ్గినట్టనిపించినా వెంటనే చెప్పాలి, పొద్దున్న చూద్దాంలే అనుకోకూడదు. దగ్గరి చూపుకి అద్దాలు కావాలి. నెల తర్వాత రాస్తారు.”

“నీ కంటికేం జాగ్రత్తలే?”

“పర్మనెంటు కదమ్మా. దానికేం అవసరం లేదు,” అంది ఎస్తేరు.

మార్చి ముప్పై ఒకటి వచ్చింది, వెళ్లింది. ఎస్తేరుకి కాగితం రాలేదు. ఆ రోజు ఆమె రెండుసార్లు అన్నం తింది.

ఏప్రిల్ రెండోవారంలో సువార్తమ్మ అద్దాలు రాయించుకోవడానికి ఆసుపత్రికి ఒక్కతే నడిచి వెళ్లింది. కంటి విభాగం ముందు రెండు వరసలున్నాయి. ఒకటి శుక్లం తీయించుకునేవాళ్లది. రెండోదానికి బోర్డు కొత్తగా పెట్టారు. ల్యాబులో పనిచేసే అమ్మాయిలు, అంబులెన్సు డ్రైవర్లు, ఎక్కడో కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన, అందరూ టోకెన్లు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ గొడవ చెయ్యడం లేదు. పదేళ్లు దాటిన శుక్లం దొరుకుతుందా, ఎనిమిదేళ్లదే ఇస్తారా అని మాత్రం మెల్లగా మాట్లాడుకుంటున్నారు. వరసలు సరిచేస్తున్న సెక్యూరిటీ అతను అటూ ఇటూ చూసి, తన కర్ర గోడకి ఆనించి, రెండో వరస చివర నిలబడ్డాడు.

లోపలి నుంచి ఎస్తేరు గొంతు వినబడుతోంది. “కుడా, ఎడమా? ఎడమే రాయించుకోండి. సంతకం ఇక్కడ.”

సువార్తమ్మ తన వరసలో నిలబడి పక్కకి చూసింది. రెండో వరస పొడుగ్గా, గేటు దాకా ఉంది. దగ్గర నిలబడ్డవాళ్ల మొహాలన్నీ ఆవిడకి స్పష్టంగా కనబడుతున్నాయి. ఒక్కరికీ కళ్లలో ఏ దోషమూ లేదు.