పసుపుపచ్చ బల్లగుడ్డ

మధ్యాహ్నం పన్నెండులోగా వెర్లిన్ చేత "సరే" అనిపించాలి. ఆ ఉదయం కాస్మస్ వేసుకున్న పథకం అంతే. నలభై ఏళ్లు సరుకు ఓడలు నడిపి రిటైరైన ఆ మనిషికి ఒక్కటే కోరిక మిగిలింది: భార్యను వెంటబెట్టుకుని తెరచాప పడవలో పసిఫిక్ దాటాలి. ఇప్పటికి పదిహేడు పడవలు చూపించాడు. పదిహేడింటికీ ఆవిడ పెదవి విరిచింది. పద్దెనిమిదోది, యాభై రెండడుగుల "సెరెనా", వాళ్ల ఊరి రేవు టిరెల్ బేలో లంగరేసి ఉంది. ఇదీ కాదంటే మళ్లీ ఆ ఊసెత్తనని తొందరపడి మాటిచ్చేశాడు పాపం. పైగా పడవలమ్మే హిలెయిర్ మధ్యాహ్నానికి ఇంకో బేరగాణ్ణి తెస్తానన్నాడు.

"పది నిమిషాల్లో ఇంజను చూసొస్తా," అంటూ పడవెక్కగానే కాస్మస్ నేల పలక ఎత్తి కిందికి దూరాడు.

వెర్లిన్ వెంట తెచ్చుకున్న గుమ్మడికాయ సూప్ వేడిచేసి గిన్నెలో పోస్తుంటే చెయ్యి జారి బల్లగుడ్డంతా అయింది. అయ్యో, ఎవరి సొమ్మో ఏమో! గబగబా ఉతికేసింది. ఆరేయడానికి చోటు వెతికితే, తెరచాప స్తంభానికి కుడివైపు సన్నటి తాడొకటి ఊరికే వేలాడుతోంది. దానికి కట్టి, గాలి బాగా తగలాలని పైదాకా లాగింది. గుడ్డ పసుపుపచ్చది.

ఆ తాడు మీద పసుపుపచ్చ గుడ్డ ఎగిరిందంటే సముద్రం మీద అర్థం ఒక్కటే: "పరదేశం నుంచి వచ్చాం, తనిఖీ చేసుకోండి." ఆ సంగతి తెలిసిన కాస్మస్ తల ఇంజనులో ఉంది.

పావుగంటలో కస్టమ్స్ పడవ వచ్చి ఆనుకుంది. దిగిన ఆఫీసరు షెర్మెయిన్, స్వయానా వెర్లిన్ చెల్లెలి కూతురు.

"ఎక్కణ్ణించి వస్తున్నారు?"

"ఇదేం ప్రశ్నే! పొద్దున మీ ఇంటి ముందు నుంచేగా వచ్చాం, చెయ్యి కూడా ఊపావు!"

"యూనిఫాం వేసుకున్నాక మీరెవరో నాకు తెలీదు పెద్దమ్మా. జెండా ఎగిరింది, ఫారం నింపాల్సిందే. లోపల ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

సరిగ్గా అప్పుడే కింద కాస్మస్ నడుం పట్టేసింది. "చచ్చాన్రా దేవుడా!" అన్న కేక పైదాకా వినిపించింది.

"రోగి ఒకరు," అని రాసుకుంది షెర్మెయిన్. "డాక్టరు వచ్చేదాకా ఎవరూ దిగకూడదు."

"ఆయన మీ పెదనాన్నేనే!"

"పేరు పెదనాన్న అని రాయడానికి లేదు పెద్దమ్మా."

డాక్టరు నాలుగింటికి గానీ రానన్నాడు. ఈలోగా హిలెయిర్ తన బేరగాడితో చిన్న పడవలో రానే వచ్చాడు. పసుపు జెండా, కస్టమ్స్ కాపలా, లోపల్నుంచి మూలుగులు! బేరగాడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పడవ వెనక్కి తిప్పించాడు. "నా కొంప ముంచావు కదయ్యా!" అని హిలెయిర్ దూరం నుంచే మొత్తుకున్నాడు. అది చాలనట్టు బయటి సముద్రం నుంచి అలలు తోసుకొచ్చి పడవ ఊగడం మొదలైంది. ఆడవాళ్లిద్దరూ పైకి లాగితే పక్క బల్ల మీద వెల్లకిలా పడున్న కాస్మస్ పసిఫిక్‌కు మనసులోనే దణ్ణం పెట్టి వదిలేశాడు.

నాలుగింటికి డాక్టరు వచ్చి నడుం నొక్కి చూశాడు. "రోగమేం లేదు, పట్టేసిందంతే. సూప్ ఇంకేమైనా మిగిలిందా?" అంటూ కాగితం రాసిచ్చాడు.

వెర్లిన్ ఆవులిస్తూ పడకగది నుంచి వచ్చింది.

"కాదనెయ్ వెర్లిన్, తొందరగా," అన్నాడు కాస్మస్ కళ్లు మూసుకుని.

"ఎందుకంటాను? ఇంత ఊపులోనూ రెండు గంటలు ఒళ్లెరక్కుండా నిద్రపోయాను. పొయ్యి మీద గిన్నె తొణకలేదు. నేనూ షెర్మెయినూ ఎదురెదురుగా కూర్చుని తిన్నాం, ఒకరి మోకాలు ఒకరికి తగల్లేదు. కొనెయ్."

"మరి ఆ పదిహేడూ?"

"ఒక్కోటీ పది నిమిషాల్లో చూపించి, తెరచాపల మీద ఉపన్యాసమిచ్చి దింపేశావు. ఉండనిస్తేగా తెలిసేది!"

కాస్మస్ గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది. నడుం నొప్పి సంగతే మర్చిపోయి లేచి కూర్చున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

బేరం ఖాయమని హిలెయిర్‌కు ఆ డాక్టరు కాగితం వెనకాలే రాసి పంపించాడు. మనసు మార్చుకోవడానికి భార్యకు వేరే కాగితం వెతికేంత సమయం కూడా ఇవ్వడం మంచిది కాదనిపించింది.