సుబ్బరాయన్ మేస్త్రీ పోయిన రోజు

ఆ ఉదయం కాఫీ చల్లారేలోగా మేస్త్రీతనం పిల్లల్లో ఒకరికి అప్పజెప్పేసి, ఇక కాళ్ళు చాపుకుని కూర్చోవాలనుకున్నాడు సుబ్బరాయన్. ధర్మపురిలో ఆయన చెయ్యి పడని వీధి లేదు. ఇప్పుడు మోకాళ్ళు పరంజా ఎక్కనంటున్నాయి. కొడుకు అన్బళగన్, పక్కవీధిలో కాపురముంటున్న కూతురు శక్తి, ఇద్దరూ ఆయన దగ్గరే పని నేర్చుకున్నారు. మాట్లాడకుండా ఇచ్చేసి ఉంటే సరిపోయేది. కానీ ఒక మంచి మాట వినాలనిపించింది.

"నేను లేకపోతే ఏం చేస్తారు?"

"నువ్వు లేని దినం ఒక్క ఇటుక పెట్టను నాయనా," అన్నాడు అన్బళగన్ కళ్ళు తుడుచుకుంటూ.

"పనికి పోతాను," అంది శక్తి. "నువ్వు నేర్పించింది అదే కదా."

ముసలాయన గుండెలో ముల్లు దిగింది. తాపీ కొడుకు చేతిలో పెట్టి, "నా గడప తొక్కొద్దు" అని కూతుర్ని పంపేశాడు.

వారం తిరగలేదు. చెట్టికరైలో ఒక ఇంటికి కప్పు కాంక్రీటు వేసే రోజున ఆయన చొక్కా తొడుక్కుని బయల్దేరితే, కొడుకు బండి ఎక్కించుకోలేదు. "నువ్వొస్తే కూలోళ్ళు నా మాట వినరు. ఇంట్లోనే ఉండు నాయనా."

సుబ్బరాయన్ ఫోను అరుగు మీద పడేసి, పొరుగింటి అక్కమ్మతో, "వాడు అడిగితే తీర్థమలైకి పోయినాడని చెప్పు. వెతకనీ," అని బస్సెక్కాడు.

తరువాతి సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసింది. అక్కమ్మ వెంటనే అన్బళగన్‌కు ఫోన్ చేసి చెప్పి, కూలికి వెళ్ళిపోయింది. కాంక్రీటు మిషను రొదలో అతనికి వినపడింది, "మీ నాయన పోయినాడు" అన్నంతవరకే. అతను భోరుమని ఏడ్చి, చుట్టాలందరికీ కబురు పెట్టి, పని కొనసాగించాడు.

తీర్థమలైలో మేస్త్రీ గుడి ఉన్న కొండ ఎక్కలేక కిందే కూర్చున్నాడు. వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. సాయంత్రం దిగులుగా ఇంటికొస్తే వాకిట్లో పందిరి, డప్పులు. "ఎవరు పోయినారు?" అని అడిగాడు. వెల్లిచందై నుంచి వచ్చిన అక్క పచ్చయమ్మాళ్ ఏడుస్తూనే తలెత్తి, తమ్ముణ్ణి చూసి, అలాగే మూర్ఛపోయి వెనక్కి పడింది.

కాళ్ళకు సిమెంటుతో అన్బళగన్ అప్పుడే వచ్చాడు. తండ్రిని చూసి, పందిరి కింది జనాన్ని చూశాడు. తరువాత మెల్లిగా, "ఇంతమంది వచ్చినారు నాయనా. ఇప్పుడు వీళ్ళకేం చెప్పేది?" అన్నాడు.

"కప్పు వేసినారా?"

"వేసినాము. నడుమ ఆపితే పగిలిపోతుంది కదా."

నిజమే. మేస్త్రీగా తప్పు పట్టడానికి లేదు. అదే ఆయన్ను కాల్చింది.

"శక్తి రాలేదా?"

జవాబు అక్కమ్మ చెప్పింది. "పోయినాడంటే అందరూ ఏడ్చినారన్నా, శవమేదని అడగలేదు. ఆ బిడ్డ ఒకతే నేను పనిచేసే చేనుకు పరిగెత్తుకొచ్చి, ఎట్ల పోయినాడని అడిగింది. బస్సులో అన్నాను. అన్బళగన్ ఫోను ఎత్తలేదని తనే నిన్ను వెతికేదానికి తీర్థమలైకి పోయింది."

సుబ్బరాయన్ అరుగు మీద పడేసిన ఫోను తీసి కూతురికి చేశాడు. "బిడ్డా, నేను ఇంట్లోనే ఉన్నాను. రా."

అవతల గాలి రొదలో ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"తిన్నావా?"

"లేదు."

"వస్తా ఉన్నాను. అన్నం వండి బయటే పెట్టి పోతాను. లోపలికి మాత్రం పిలవద్దు నాయనా."

ఆయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గడపలో కూలబడ్డాడు. పందిరి విప్పడానికి వచ్చినవాడు మేస్త్రీ వయసెంతని పక్కవాళ్ళను అడిగి, మళ్ళీ మోసేదెందుకని కర్రలు అలాగే ఉండనిచ్చి వెళ్ళిపోయాడు.