నాగమ్మ సాలీడు, అప్పలస్వామి పిచికారీ

హిందూమహాసముద్రతరంగపరివేష్టితమైన మారిషస్ ద్వీపమున, ఆంగ్లేయధ్వజ మింకను దిగనొల్లని వేయిన్ని తొమ్మిదివందల అరువదినాలుగవ సంవత్సరమున, అచ్చట శీతకాలమైన జూన్ మాసపు చలిప్రొద్దున, కాంప్ ద మాస్క్ గ్రామమందలి యొక పెరటిలో చెలరేగిన మహాసంగ్రామమును చెప్పెద. వినుడు; నడుమ దగ్గువాడు లేచి పోవచ్చును!

సింహాద్రి అప్పన్న పూజకు సొంతచెట్టు కమలాపండే పెట్టవలెనన్నది నాగమ్మ అత్తింటి మూడుతరముల మొక్కు. నిరుడు ఆమె మగడు, చెఱకుబండ్ల సవ్యసాచి అప్పలస్వామి, పూజకని ఇంటి బూజు దులిపి, ఆ ఊపున చెట్లమీది సాలెగూళ్లును బూజే యనుకొని, పురుగుమందు పిచికారీతో వర్షించెను. సాలీళ్లు సమూలముగా కూలెను. మందు వాసన పోయినదో లేదో, అడ్డములేని పండుఈగలు అక్షౌహిణులై దిగి కాపంతయు పుచ్చజేసెను. నాగమ్మ అంగడిపండు పెట్టి తల దించుకొనెను. పాపము, ఆ ముఖము చూడలేకపోతిమి.

ఈయేడు ఎక్కడినుండియో ఒక్క సాలీడు వచ్చి ఒక్క కొమ్మకు వల నేసెను. ఆ కొమ్మన ఒక్క పండు పురుగు సోకక మిగిలెను. రేపే పూజ. అప్పలస్వామి, బుద్ధి గడ్డి తినగా, మరల పిచికారీ నెత్తెను!

సమ్మార్జనీగదాధారిణియై నాగమ్మ అడ్డము నిలిచెను.

"ఆరెతే! ఆగయ్యా! అది బూజు కాదు, మన కావలి. ముందు నన్ను కొట్టు, తరవాత దాన్ని!"

"ఆయో, నాగమ్మా! దేవుడొచ్చే పెరట్లో సాలెగూడా? జనం నవ్వరా?"

"నిరుడు అంగడిపండు చూసి పక్కింటి వెంకమ్మ నవ్వలేదా? ఈగల్ని నువ్వు పడతావా? అదిగో, చూడు!"

ఝుంకారముతో వచ్చిన పండుఈగ యొకటి ఆ ఫలదుర్గమును ముట్టడింపబోయి వలలో చిక్కగా, అష్టపాదవీరుడు దుమికి, దారములు చుట్టి, మూటగట్టి, తీరికగా ఫలహారము మొదలుపెట్టెను. అప్పలస్వామి చేతి పిచికారీ మెల్లగా నేల దిగెను.

"సరేలే," అనెను మహారథుడు. "పక్కచెట్టు కూడా చూసుకోమను."

మరునాడు నాగమ్మ తలయెత్తి పళ్లెము పట్టెను. పండున కంటిన సాలెదారమును కొంగుతో తుడవబోగా, అప్పలస్వామి చేయి పట్టుకొనెను.

"ఉండనీవే. అది బూజు కాదు."

జయము, దిగ్విజయము! గెలిచినది ఒక్క పండు, తొమ్మిది తొనలు. భజనకు వచ్చిన పదునల్వురకు పంచగా ఈ కథకునకు తొక్క దక్కినది. అయిననేమి, పురుగులేని తొక్క!