ఖమణ్‌కు తోడు కావలెను

వీధికుక్కను ఇంటికి తెచ్చుకోవడానికి ఈ రోజుల్లో పెడుతున్న నియమాలు చాలవు. నిజంగానే చాలవు! ఒక్క ఫారమేనా? ఒక్క ఇంటి తనిఖీయేనా? మూగజీవాన్ని అప్పగించేటప్పుడు మనిషి పుట్టుపూర్వోత్తరాలు అడగొద్దూ? వాళ్ళ ముత్తాత ఎప్పుడైనా పిల్లి మీద చెయ్యి చేసుకున్నాడేమో తేల్చుకోవద్దూ?

పాఠకులు నవ్వుతున్నట్టున్నారు. సూరత్‌కు వలసపోయిన మన సమ్మక్క ఇంట్లో జరిగింది వినండి. నియమాలనేవే లేకపోతే ఎంత ఘోరం జరిగిపోయేదో మీకే తెలుస్తుంది.

సమ్మక్క భర్త బుచ్చిరాములు ఖటోదరాలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. సమ్మక్కది చీరలు మడతపెట్టి డబ్బాల్లో సర్దే గోదాములో పని. ఇద్దరూ పొద్దున పోతే దీపాలు పెట్టాక రావడం. కూతురు సంతోషికి బడి మధ్యాహ్నానికే అయిపోతుంది. మెడలో వేలాడే తాళంచెవితో తలుపు తీసుకుని, మూత కింద పెట్టిన అన్నం తిని, సాయంత్రం దాకా గడప మీద కూర్చుంటుంది.

పక్కనే ఒక పసుప్పచ్చని కుక్క కూర్చునేది. బండి మీద అమ్మే సెనగపిండి ఫలహారం ఖమణ్ ముక్క రంగులో ఉందని సంతోషే దానికి ఖమణ్ అని పేరు పెట్టింది. అది గడప మీద ఉన్నంతసేపూ తాగుబోతులు ఆ సందులోకి రావడానికి జంకేవారు. మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో తాగుబోతులెక్కడివని అడక్కండి, అది వేరే వ్యాసం. గోదాములో సమ్మక్క చేతులు చీరల మీద, మనసు పిల్ల మీద ఉండేవి. ఖమణ్ ఉందిలే అనుకున్నప్పుడు మాత్రం ఆ మనసు కుదుటపడేది.

ఒకరోజు ఖమణ్ కాలి మీదుగా టెంపో పోయింది. జంతుప్రేమికుల సంఘం వాళ్ళు వచ్చి, ఎత్తుకుపోయి, ఆపరేషన్ చేయించి, నెలపైనే సాకారు. చాలా మంచి పని, ఈ ఒక్క వాక్యంలో వెటకారం లేదు. కాలు నయమైందని తెలిసి బుచ్చిరాములు తాడు పట్టుకుని వెళ్ళాడు. తీసుకెళ్ళడం కుదరదు, దత్తత తీసుకోవాలి అన్నారు.

"మా కుక్కను మేం దత్తు తీసుకునుడేంది మేడం?" అన్నాడు బుచ్చిరాములు.

మీ కుక్క అనడానికి రుజువేమిటని అడిగారు. టీకాల కార్డుందా? మెడపట్టీ ఉందా? బుచ్చిరాములు దగ్గర తాడు మాత్రమే ఉంది. అది రుజువు కింద రాదు, పైగా తాడు తేవడమే క్రూరత్వం! ఫారం చేతిలో పెట్టి పంపించారు.

ఫారం సంతోషి నింపింది. మీ ప్రహరీగోడ ఎత్తెంత? విదేశాలకు వెళ్ళినప్పుడు కుక్క ఎవరి దగ్గర ఉంటుంది? బుచ్చిరాములు కుటుంబం మహా అయితే ఆదివారం డుమస్ సముద్రం దాకా వెళ్ళి, ఇసుకలో నడిచి, భజియాలు తిని వస్తుంది. అదే రాయించాడు. మీ జీవనశైలి చురుకైనదా, ప్రశాంతమైనదా? పగలంతా సాంచాల మోతలో నిలబడే మనిషి కాసేపు ఆలోచించి, ప్రశాంతమైనదే అని టిక్కు పెట్టించాడు.

ఆ తరవాత ఇంటి తనిఖీ. సంఘం నుంచి హేతల్‌బెన్ అనే ఆవిడ చూడ్డానికి వస్తోందనగానే సమ్మక్కకు ఒకటే అర్థమైంది. చూడ్డానికి రావడమంటే పెళ్ళిచూపులే కదా! గోడలకు సున్నం కొట్టించింది. పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చింది. సంతోషికి నూనె రాసి జడలు వేసింది. పెద్దమనుషులు లేకపోతే మర్యాద కాదని ఇరుగుపొరుగు లింగం, పరుశురాం, కనకవ్వ, రాజమ్మ, వాళ్ళ వాళ్ళ పిల్లలతో సహా వచ్చి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఇంటికి ఎంత బలగముందో వచ్చినవాళ్ళకు తెలియాలి మరి.

హేతల్‌బెన్ గుమ్మంలోనే ఆగిపోయి, వీళ్ళంతా ఎవరని అడిగింది. లింగం లేచి చేతులు జోడించి, హిందీలో గొప్పగా చెప్పాడు. "మేమంతా ఒక్కింటోళ్ళమే మేడం. వేరనేదే లేదు."

ఆవిడ తలలు లెక్కపెట్టుకుని, ఒకే గదిలో పద్నాలుగుమంది నివాసం, కుక్కకు ఊపిరాడదు అని రాసుకుంది. ఇంతకుముందు ఆ గదిలో ఎవరికి ఊపిరాడుతోందో రాసుకోవడానికి ఎవరూ వచ్చిన దాఖలా లేదు.

అయినా ఆవిడ కఠినాత్మురాలు కాదు. అసలు నియమం దగ్గరికి వచ్చింది. పగటిపూట కుక్కను నాలుగు గంటలకు మించి ఒంటరిగా వదలకూడదు. మీ ఇంట్లో పగలు ఎవరుంటారు?

సమ్మక్క మొహం వెలిగిపోయింది. ఈ పరీక్షలో తనకు తెలిసిన జవాబు ఇదొక్కటే. "మా సంతోషి ఉంటది మేడం. బడికెల్లి వచ్చినంక ఎటూ పోదు. దానికి ఇది తోడు, దీనికి అది తోడు."

పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు లెక్కలోకి రారని హేతల్‌బెన్ ఓపిగ్గా చెప్పింది. చిన్నపిల్ల దగ్గర వదిలితే కుక్కను ఒంటరిగా వదిలినట్టేనట. ఎంత లోతైన ఆలోచనో చూడండి! పిల్ల, కుక్క పక్కపక్కన కూర్చుంటే వాళ్ళలో ఒంటరిగా ఉన్నది కుక్క. పిల్ల ఒక్కతే కూర్చుంటే ఏమవుతుందన్నది ఫారంలో లేదు కాబట్టి ఆ ప్రస్తావన రాలేదు. మిక్స్చరు తిని, టీ తాగి, దరఖాస్తు తిరస్కరించి ఆవిడ వెళ్ళిపోయింది.

ఖమణ్‌కు మంచి సంబంధమే కుదిరింది. అబ్బాయి ఉదయ్‌కిరణ్, బ్యాంకు ఆఫీసరు. అమ్మాయి కీర్తి, కేంద్ర ప్రభుత్వోద్యోగి. మన తెలుగువాళ్ళే. సొంత ఫ్లాటు, లిఫ్టు, బాల్కనీకి వల. కుక్కకు వేరే గది, అందులో ఏసీ. పేరు కూడా మైలో అని మార్చారు. పగలు ఇద్దరూ ఆఫీసుకు పోతారే, మరి ఒంటరితనం మాటేమిటంటారా? ఉన్నవాళ్ళకు నియమం అడ్డం రాదు, దారి చూపిస్తుంది. కుక్కతో కూర్చోవడానికి పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషిని జీతానికి పెట్టుకున్నారు. తెలుగు మనిషైతే బాగుంటుందని వెతికితే సమ్మక్క దొరికింది.

గోదాము కన్నా జీతం నయమని సమ్మక్క ఒప్పుకుంది. ఏ కుక్కో తెలీదు. మొదటిరోజు తలుపు తీయగానే మైలో దెబ్బ తగిలిన కాలు ఎత్తిపట్టి మూడు కాళ్ళ మీద దూకి ఆమె కొంగు పట్టుకుని లాగింది. దీనికి కొత్తవాళ్ళంటే భయమండీ, నిన్నటిదాకా మంచం కిందే ఉంది అని కీర్తి ఆశ్చర్యపోయింది. ఇది మా ఖమణే అని చెప్తే పని పోతుందేమోనని సమ్మక్క బయటపడలేదు. వాళ్ళు ఆఫీసుకు పోయాక దాని తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

ఇక్కడ ఖమణ్ ఉంటే అక్కడ గడప మీద లేనట్టే కదా. తాగుబోతులు మళ్ళీ సందులోకి రావడం మొదలైంది. బడి అయ్యాక నా దగ్గరికే వచ్చెయ్యమని సమ్మక్క కూతురికి చెప్పింది. కీర్తి చెడ్డమనిషి కాదు. పాపం, నొచ్చుకుంటూనే ఒప్పందం చూపించింది. కుక్క ఇంటికి అలవాటుపడేదాకా పరిచయం లేని పిల్లల్ని లోపలికి రానివ్వకూడదు. "నాకేం అభ్యంతరం లేదు సమ్మక్కా, సంతకం పెట్టాం కదా."

అందుకని సంతోషి ఫ్లాటు బయట గుమ్మం ముందు కూర్చుంటోంది. తలుపుకు ఇవతల వీపు ఆనించి హోంవర్కు చేసుకుంటుంది. అవతల మైలో ఏసీ గది వదిలేసి, తలుపు కింది సందులో ముక్కు పెట్టి పడుకుంటుంది.

నెల తిరగ్గానే హేతల్‌బెన్ మళ్ళీ తనిఖీకి వచ్చింది. ఆ రోజు కీర్తి సెలవు పెట్టింది. గుమ్మం ముందున్న పిల్లను గుర్తుపట్టక, కాస్త జరగమని, హేతల్‌బెన్ దాటుకుని లోపలికి వెళ్ళింది. తలుపు తీసిన సమ్మక్కనూ గుర్తుపట్టలేదు. కుక్క తిండి సరిగ్గా తినడం లేదని, తలుపు దగ్గరే మూలుగుతోందని గమనించి చాలా బాధపడింది. ఇది ఒంటరితనమని తేల్చింది.

"తలుపు దీస్తే సాలు మేడం," అంది సమ్మక్క. "గా పిల్ల కోసమే ఏడుస్తుంది."

పిల్లకు ఎన్నేళ్ళని హేతల్‌బెన్ అడిగింది. తొమ్మిదని తెలిసి, తల అడ్డంగా ఊపి, మందు రాసింది. మైలోకు తోడుగా ఇంకో కుక్కను దత్తత తీసుకోవాలి. కీర్తి సరేనంది. కొత్త పరుపు, కొత్త గిన్నె వచ్చాయి. రెండో కుక్క ఆదివారం వస్తోంది.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ సంతోషి తల్లిని అడిగింది.

"అమ్మా, ఆ కొత్త కుక్కకు ఖమణ్ ఎర్కనా?"

"ఎర్క లేదు బిడ్డా."

"మరి దాన్నెట్ల లోపలికి రానిస్తరు?"

సమ్మక్క కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

చూశారా పాఠకులారా? పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను లెక్కలోకి తీసుకోకూడదని ఎందుకు పెట్టారో ఇప్పుడైనా అర్థమైందా? తీసుకుంటే ఇలాంటివే అడుగుతారు.